అప్పలరాముడి పటాల్లో గాలి

అప్పలరాముడు మొదట తన ఇంటి కిటికీలే మూశాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తరువాత పక్కింటి కిటికీలు మూశాడు. ఆ తరువాత సుత్తీ మేకులూ పట్టుకుని సముద్రం అవతలి దీవుల్లోని మిన్నీ బే వాడంతా తిరగడం మొదలుపెట్టాడు. తలుపు తెరిచి ఉన్న ప్రతి ఇంట్లోకీ దూరి, "ముయ్యండి, ముయ్యండి, గాలి లోపలికొచ్చేత్తంది" అంటూ కిటికీ రెక్కలు దగ్గరికి లాగి మేకులు దిగేసేవాడు. అది పందొమ్మిది వందల డెబ్బై మూడు, ఏప్రిల్ నెల. కొబ్బరాకు కదలడం లేదు. జనం వీపుల నిండా చెమటకాయలతో గుమ్మాల్లో కూర్చుని తాటాకు విసనకర్రలతో విసురుకుంటున్నారు. వాళ్ల మధ్య నుంచి ఈ మనిషి చెవులు రెండూ మూసుకుని పరుగెత్తేవాడు. చెవులు మూసుకుంటే సుత్తి పట్టుకునేదెలా? అందుకని సుత్తి చంకలో పెట్టుకునేవాడు.

సర్కారు ఆఫీసు గుమాస్తా గణేశ్వరరావు ఇంట్లో మూడు కిటికీలకూ మేకులు పడ్డాక సంగతి పోలీసుల దాకా, అక్కడి నుంచి ఆసుపత్రి దాకా వెళ్లింది.

అప్పలరాముడిది శ్రీకాకుళం తీరం. యాభైల్లో జాలరి కుటుంబాలను దీవులకు తెచ్చినప్పుడు తండ్రితోనూ అన్న మల్లేశుతోనూ ఓడ దిగాడు. అప్పటికి పదిహేనేళ్లు. ఓడలో నాలుగు రోజులూ వాంతులే. "సముద్రం పడని జాలారోడు ఎక్కడైనా ఉంటాడేటి?" అని తోటివాళ్లు నవ్వితే మల్లేశు అడ్డం పడేవాడు. "ఆడి వంతు వల నేను లాగుతాను. మీకేటి నొప్పి?" అనేవాడు. లాగాడు కూడా, పద్దెనిమిదేళ్లు. అప్పలరాముడు ఒడ్డునే ఉండి డింగీ పడవలకు పేర్లూ నంబర్లూ రాశాడు, దుకాణాలకు బోర్డులు రాశాడు. మిగిలిన ఎనామిల్ రంగుతో, రంపపు మిల్లులో పారేసిన ప్లైవుడ్ ముక్కల మీద పటాలు వేశాడు.

పటమంటే చచ్చిపోయినవాళ్ల బొమ్మ. పెద్దకర్మ నాడు గోడకు కట్టి దండ వేసేది. బతికున్నవాడికి పటం కట్టకూడదన్నది ఆ వాడలో ఎవరూ చెప్పుకోనక్కర్లేని నియమం.

దీవులకు వచ్చిన మొదటి తరం ఒక్కొక్కరే పోతున్న రోజులవి. వాళ్లకు ఫొటోలు లేవు. సముద్రంలో పోయినవాడికైతే శవమూ లేదు. అందుకని అప్పలరాముడు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పోయినవాళ్ల రక్తసంబంధీకులందరినీ వరుసగా అరుగు మీద కూర్చోబెట్టి అడిగేవాడు. ముక్కు ఎవరికొచ్చింది? నుదురు ఎవరిది? నవ్వితే ఎవరిలా ఉండేవాడు? ఒకరి దగ్గర ముక్కు, ఇంకొకరి దగ్గర గడ్డం, మేనకోడలి దగ్గర కళ్లు తీసుకుని ఒక మనిషిని కట్టేవాడు. ఆ అరుగు మీద జరిగే తగాదాలు అన్నీ ఇన్నీ కావు. "మా నాయన ముక్కు నాకే వొచ్చింది" అని అన్నంటే, "నీది ముక్కేటి, బొడిపి. నాది సూడు" అని చెల్లెలనేది. చివరికి పటం చూసి అందరూ ఏడ్చేవాళ్లు. అంటే కుదిరినట్టే. పడవ రంగు కాబట్టి ఆ ముఖాలు ఎప్పుడూ అప్పుడే నీళ్లలోంచి లేచినట్టు మెరుస్తుండేవి.

ఈ మేకుల గొడవకు ముందు నవంబరులో ఒక ఉదయం మల్లేశు డింగీకి మనిషి తక్కువయ్యాడు. తమ్ముణ్ణి పిలిచాడు. "ఈ ఒక్క రోజుకి రారా. వాంతొస్తే కక్కుకుందువు గాని." బజారులో ఒక బోర్డు ఆ పూటకు ఇచ్చెయ్యాలని అప్పలరాముడు వెళ్లలేదు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. రట్‌లాండ్ దీవి వైపు డింగీ బోర్లా పడి దొరికింది. ఇద్దరిని తీశారు. మల్లేశు దొరకలేదు.

పెద్దకర్మకు మల్లేశు భార్య కామమ్మ పటం అడిగింది. తల్లిదండ్రులు లేరు, పిల్లలు లేరు, వేరే తోబుట్టువులు లేరు. అరుగు మీద కూర్చోబెట్టడానికి అప్పలరాముడు తప్ప ఎవరూ లేరు.

"మీ ఇద్దరిదీ ఒకే అచ్చు కదయ్యా. అద్దంలో నిన్ను నువ్వు సూసుకుని ఏసీ" అంది కామమ్మ.

అందరికీ అది సబబుగానే తోచింది. గడ్డం గీసుకునే అద్దం మేకుకు తగిలించి అప్పలరాముడు కూర్చున్నాడు. ముక్కు ఎవరిది? నాదే. నుదురు ఎవరిది? నాదే. చచ్చినవాడు ఎవడు?

పెద్దకర్మ దాటిపోయింది. పటం రాలేదు. అడిగితే "ఇంకా ఆరలేదు" అనేవాడు. ఎనామిల్ రంగు ఎన్ని నెలలు ఆరుతుందని అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఈలోగా మిగతా పటాల్లోకి ఒక వింత వచ్చి చేరింది. ఫిబ్రవరిలో పోలిరాజు తన తల్లి పటం అందుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒరే రాముడూ, మాయమ్మ జుట్టేటిరా అలాగెగురుతంది?"

"గాలి కదన్నా."

"ఏ గాలిరా? మాయమ్మ సచ్చిపోయింది మంచం మీద. మోటారు సైకిలు మీద కాదు!"

నవ్వని మనిషి లేడు. "నీకు ఇనపడతం నేదా?" అని అప్పలరాముడు అడిగిన మాట ఆ నవ్వులో కలిసిపోయింది. ఆ తరువాత వేసిన మూడు పటాల్లోనూ జుట్టు అదే వైపుకు ఎగిరింది. ఒకదాంట్లో పైటా ఎగిరింది. జనం పటాలు అడగడం మానేశారు. రంగులు పాడుచేస్తున్నాడన్నారు, తాగుతున్నాడన్నారు. అతను ముఖాల మీద రాసి చూపిస్తున్నదేమిటో ఒక్కరూ చదవలేదు. మనవాళ్లకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. మనసుకు వస్తే మాత్రం నవ్వడం, ఆ తరువాత భయపడడం, ఆ తరువాత పోలీసులు.

ఆ రోజుల్లో దీవుల్లో మనోవ్యాధులకు వేరే డాక్టరు లేడు. జ్వరాలు చూసే డాక్టరే అవీ చూసేవాడు. ఆయన ఉత్తరాది నుంచి వచ్చి ఏడాది కాలేదు. చెడ్డవాడు కాడు. రోజుకు నూట యాభై మందిని చూసేవాడు, అంతే. అప్పలరాముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి బాధేమిటని అడిగాడు.

"క్యా తక్లీఫ్ హై?"

అప్పలరాముడికి దీవుల్లో అందరిలాగే హిందీ వచ్చు. అందరిలాగే, హిందీలో మాట అందనప్పుడు తెలుగుమాట పెట్టి పూరించుకోవడమూ వచ్చు. మిన్నీ బేలో అది తప్పు కాదు. అక్కడందరూ మాట్లాడేదే అలా.

"కాన్ మే గాలి ఆతా హై సాబ్. దిన్ భర్ గాలి." చెవుల్లోకి రోజంతా గాలి వస్తోందని.

"గాలీ? కౌన్ దేతా హై?"

గాలి ఎవరిస్తారు? వింత ప్రశ్నే. సముద్రం ఇస్తుంది, అన్న కూడా ఇస్తాడని అప్పలరాముడు ఆలోచించి చెప్పాడు. "సముందర్ దేతా హై. మేరా భాయీ భీ."

"భాయీ కహాఁ హై?"

"మర్ గయా."

అన్న పోయాడన్నది డాక్టరు రాసుకున్నాడు. "ఔర్ క్యా కర్తా హై?"

"దర్వాజా మార్తా హై. ఖిడ్కీ మార్తా హై. హమ్ కో భీ మార్తా హై సాబ్."

తలుపునూ కిటికీనీ, చివరికి తననూ కొడుతుందన్నాడు. డాక్టరు అదీ రాసుకున్నాడు.

తెలుగువాడికి గాలి గాలే. హిందీవాడికి గాలీ అంటే తిట్టు. ఒకడు హోరు గురించి చెబుతున్నాడు, ఇంకొకడు బూతుల గురించీ కొట్లాటల గురించీ వింటున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు అర్థమయ్యామనే అనుకున్నారు. అదీ దారుణం. అర్థం కాలేదని తెలిసి ఉంటే ఇంకోసారి అడిగి ఉండేవాడు. ఆ గదిలో తెలుగు తెలిసిన ఒక్క మనిషిని, గేటు దగ్గరి కావలివాణ్ణయినా సరే, పిలిచి ఉంటే ఆ సాయంత్రం రాసిన కాగితం రాసేవాడు కాదు. పేదవాడి నోట్లోంచి రాని మాట అతని పేరు మీద కాగితానికెక్కితే, దాన్ని దింపడం ఇంటికి దూలం ఎత్తడం కన్నా కష్టం.

అప్పలరాముణ్ణి వార్డులో ఉంచేశారు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. అప్పలరాముడి భార్య సీతాలు దాని నకలు పట్టుకుని గణేశ్వరరావు ఇంటికే వెళ్లింది. వాడలో ఇంగ్లీషు వచ్చినవాడు ఆయనే. దీవుల్లో పుట్టి హిందీ బళ్లో చదివినవాడు. తెలుగు నోటికి వచ్చు గాని రాతకు రాదు. కిటికీల కోపం ఇంకా తగ్గలేదు, అయినా చదివాడు.

"దీదీ, సునో. ఇతనికి ఎవరో తిడతన్నట్టు ఇనిపిస్తందట. సచ్చిపోయిన అన్న తిడతన్నాడట. ఆవేశమొస్తే కొడతాడట. డేంజర్ కేసు. శనివారం జహాజ్‌లో పోలీసుతో మెయిన్‌లాండ్ పిచ్చాసుపత్రికి పంపించాలని రాశారు."

"ఎవులు తిడతన్నారు?" సీతాలు తెల్లబోయింది. "మల్లేశు బావ నోట ఒరే అన్న మాట కన్నా పెద్ద మాట రాలేదు బాబూ. ఈయనైతే ఈగని కొట్టడు. కొట్టింది మేకుల్నే!"

"నా ఖిడ్కీల్ని కూడా కొట్టాడు" అన్నాడు గణేశ్వరరావు.

"అయి నేను పీకుతాను. నువ్వీ కాగితం పీకించు."

"నా చేతిలో లేదు దీదీ. డాక్టర్ సాబ్ ఒక్కరే మార్చగలరు. ఆయన మారుస్తారా? సబూత్, రుజువు కావాలి కదా."

బుధవారం అది. ఆ వాడ నుంచి అంతకు ముందు అలా ఓడెక్కినవాళ్లు ఇద్దరు. ఒకరు తిరిగి రాలేదు. రెండోవారి సంగతి అడిగేవాళ్లే లేరు. సీతాలు ఇంటికి పోయి కూర్చోలేక, నిలబడలేక, తలుపు దగ్గరికీ పొయ్యి దగ్గరికీ తిరిగింది. అన్నం వండి దించి, ఎవరికి వండిందో తోచక మూత పెట్టేసింది. అప్పుడు కనిపించింది తలుపు వెనుక, గోడవైపు తిప్పి పెట్టిన ప్లైవుడ్ ముక్క.

ఒంటరిగా తిప్పడానికి ధైర్యం చాల్లేదు. కామమ్మను పిలుచుకొచ్చింది. ఇద్దరూ కలిసి తిప్పారు.

పటంలో మనిషి జుట్టంతా ఒక్క వైపుకు, కొరడాలా, ఎగిరిపోతోంది. ఎడమ చెవి ఉండవలసిన చోట శంఖం ఉంది. అందులోంచి తెగిన వలతాడు వేలాడుతోంది. ఒంటి మీది చొక్కా ఎగిరిపోకుండా భుజాల చుట్టూ, గుండె చుట్టూ మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. చొక్కాకు కాదు, చర్మానికి. మేకుల దగ్గర రక్తం మాత్రం లేదు. మనిషి పక్కన చిన్న దీపం.

కామమ్మ చాలాసేపు చూసింది.

"ఒలే సీతాలూ, కనుబొమ్మ మీద గాలం గాటు మా ఆయనది. మిగతాదంతా మీ ఆయనే."

"అలాగనకప్పా! బతికున్నోడికి పటమేటి?"

"నేననడం కాదే. ఆడే ఏసుకున్నాడు." కామమ్మ పైటతో ముఖం తుడుచుకుంది. "అద్దం సూసి ఏసీమని నేనే సెప్పినాను. నా నోటికి పుండు పుట్టా! ఆడు ఆయన్ని ఏద్దామని కూకుని, ఆయన బదులు తనని ముంచీసుకున్నాడే."

"ఇది డాక్టరుకి సూపిత్తే?"

"సూపించు. మాటొద్దు, కాగితమొద్దు. ఇదిగో, మనిషిక్కడున్నాడని సూపించు."

"నీ పటమప్పా ఇది. ఇంకో ఏణ్ణర్ధం పోయినా నీకు మళ్లీ ఏసివ్వలేడేమో."

"మా ఆయన ఎలాగూ పోయినోడే. గోడ కాళీగా ఉంటే ఉండనీ. ఉన్నోణ్ణి సూసుకో" అంది కామమ్మ. ఆ మాట అనడం ఆమెకు ఎంత కష్టమైందో సీతాలుకు అప్పుడు తెలియలేదు. తరువాత, కామమ్మ ఇంట్లో ఆ ఖాళీ గోడ చూసినప్పుడు తెలిసింది.

గురువారం పొద్దున్న సీతాలు పటం పట్టుకుని బస్సెక్కింది. గుడ్డ కప్పుదామంటే, ఇంకా ఆరలేదని మొగుడన్న మాట గుర్తొచ్చి, రంగుకు అంటుకుంటుందని భయం. ముఖం బయటికి పెట్టుకుని కూర్చుంది. బస్సులో సగం మంది తెలిసినవాళ్లే.

"ఓలమ్మో, రాముడే! ఎప్పుడు పోయాడమ్మా?" ఒక ముసలమ్మ గుండె బాదుకుంది.

"పోనేదు. ఆసుపత్రిలో ఉన్నాడు."

"మరి పటమేటే?"

"ఆయనే ఏసుకున్నాడు."

వెనుక సీటులో ఎవడో గొణిగాడు. "మొగుడు బతికుండగా పటం మోసుకెళ్తంది. దీనికీ ఎక్కినట్టుంది." పక్కన కూర్చున్న ఆమె కొంచెం కొంచెం జరిగి సీటు అంచుకు చేరింది. సీతాలుకు కన్నీళ్లు రాలేదు, కోపం వచ్చింది. పటాన్ని ఇంకొంచెం పైకెత్తి పట్టుకుంది. చూడండి, బాగా చూడండి అన్నట్టు.

ఆసుపత్రిలో వరుస చూస్తే మధ్యాహ్నమయ్యేటట్టుంది. ఆమె వరుసలో నిలబడలేదు. తిన్నగా లోపలికి వెళ్లి బల్ల మీద, మందు చీటీల మీద, పటం పెట్టేసింది. డాక్టరు లేచి నిలబడ్డాడు. బయటికి పంపమని కేకవేయబోయి బొమ్మ చూసి ఆగాడు.

"కిస్నే బనాయా?" ఎవరు వేశారు?

"మేరా ఆద్మీ. జిస్ కో తుమ్ జహాజ్ మే భేజ్తా హై." మీరు ఓడలో పంపుతున్న నా మొగుడే అంది.

డాక్టరు వంగి చూశాడు. మేకుల మీద వేలు పెట్టాడు. శంఖం మీద పెట్టాడు. ఆయన మనసులో కాగితమే ఉంది. అందుకే అలా అడిగాడు. "ఇస్ మే గాలీ దేనేవాలా కహాఁ హై?" తిట్టేవాడు ఎక్కడ?

సీతాలుకు ఒళ్లు మండింది. కళ్ల ముందు జుట్టంతా ఎగిరిపోతుంటే గాలి ఎక్కడని అడుగుతాడేమిటి ఈయన? ఇది గాలి కాకపోతే ఏమిటి, జుట్టు ఎగరడం కనపడటం లేదా అని ఎగిరే జుట్టు మీద అరచేత్తో కొట్టి చూపించింది.

"ఏ క్యా హై ఫిర్? ఏ గాలి నహీఁ తో క్యా హై? బాల్ ఉడ్తా హై, దిఖ్తా నహీఁ?"

"ఏ తో హవా హై" అన్నాడు డాక్టరు.

"హా, హవా! హవా హీ తో గాలి!"

డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. "తుమ్హారీ భాషా మే... హవా కో గాలి బోల్తే హైఁ?" మీ భాషలో హవాను గాలి అంటారా అని.

సీతాలుకు అప్పుడు వెలిగింది. గణేశ్వరరావు చదివిన ప్రతి ముక్కా వెనక్కి తిరిగి వచ్చింది. తిట్టు. తిట్టే అన్న. కొట్టడం. ఆమె నుదురు కొట్టుకుంది. "ఓరి నాయినో! ఆయన తుపాను గురించి సెప్తే బూతులని రాసుకున్నావా బాబూ! ఎవడూ తిట్టనేదు, ఎవర్నీ కొట్టనేదు. గాలి తలుపుని కొడతందన్నాడు!" సగం హిందీ, సగం తెలుగు, ఏది ఏదో చూసుకోలేదు. అన్న సంగతి, బోర్డు సంగతి, అద్దం సంగతి, అన్నీ చెప్పేసింది. డాక్టరు ఈసారి రాసుకోలేదు, విన్నాడు. బయట వరుసలో జనం గోల చేస్తున్నా విన్నాడు.

తరువాత వార్డులోంచి అప్పలరాముణ్ణి పిలిపించాడు. గేటు కావలివాణ్ణి, టెక్కలి వైపు మనిషిని, పిలిచి పక్కన నిలబెట్టాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. పటంలో దీపాన్ని చూపించి. గదిలో ఇంత గాలి ఉంటే ఈ దీపం తిన్నగా ఎలా ఉంది?

నిజంగానే ఆ మంట సూదిలా నిటారుగా ఉంది. సీతాలు అంతవరకు చూడలేదు.

అప్పలరాముడు తన పటం వైపు చూడకుండా నేల చూస్తూ చెప్పాడు. "బయట నేదు బాబూ గాలి. నేదని నాకు తెలుసు. దీపం సూత్తే తెలుత్తాది కదా. అయినా కిటికీ ముయ్యకపోతే నేనుండలేను. మూసినా ఆగదు. మళ్లీ ఇంకోటి ముయ్యాలి."

కావలివాడు హిందీలో చెప్పాడు. డాక్టరు కాగితం తీసి, రాసిన నాలుగు వాక్యాలూ అడ్డంగా కొట్టేశాడు. ప్రమాదకరం కాదని, ఇక్కడే వైద్యమని కింద రాసి సంతకం పెట్టాడు. సీతాలు నమ్మలేదు. కావలివాడి చేత అది రెండుసార్లు చదివించుకుంది. డాక్టరు క్షమాపణ చెప్పాడని నేను రాయలేను, చెప్పలేదు కాబట్టి. ఇది జబ్బేనని, మందు మానకూడదని, నెలల తరబడి పడుతుందని మాత్రం చెప్పాడు. ఆ రోజు నుంచి తెలుగు రోగి వచ్చినప్పుడల్లా కావలివాణ్ణి పిలిచేవాడు. కావలివాడికి దాని కోసం వేరే జీతమేమీ ఇవ్వలేదు సర్కారు. ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో భాష తెలిసిన మనిషంటే ఎవరో ఒక ఊడ్చే మనిషి, ఎవరో ఒక కావలివాడు. వాళ్ల దయ మీద మన మనసులు నడుస్తున్నాయి.

శనివారం ఓడ వెళ్లిపోయింది. అప్పలరాముడు వార్డులో మూడు వారాలు ఉన్నాడు. ఇంటికి వచ్చాక గాలి తగ్గిందా అంటే తగ్గిన రోజులున్నాయి, తగ్గని రోజులున్నాయి. తగ్గని రోజున తన ఇంటి కిటికీ ఒక్కటి మూసుకుని కూర్చునేవాడు. సీతాలు చెమటలు కక్కుకుంటూ పక్కన కూర్చునేది. మందుకు నోరు ఎండేది, చేతులు వణికేవి. గీత గీస్తే గీత పక్కకు పాకేది. కుంచె పట్టుకునేవాడికి ఆ వణుకు కన్నా శిక్ష లేదు. మందు మానేస్తానని రెండుసార్లు మాత్రలు విసిరేశాడు. సీతాలు రెండుసార్లూ వెతికి ఏరుకొచ్చి, డాక్టరు దగ్గరికి పోయి పోట్లాడి, మోతాదు కొంచెం తగ్గించుకొచ్చింది.

జూన్‌లో పోలిరాజు వచ్చి డింగీకి నంబరు వెయ్యమన్నాడు. వేరే పెయింటరున్నాడు కదా అన్నాడు అప్పలరాముడు.

"ఆడు డబ్బా మూత పెట్టడు. రంగంతా ఎండబెడతాడు. నువ్వు రా" అన్నాడు పోలిరాజు.

ఒడ్డున బోర్లించిన డింగీ పక్కన అప్పలరాముడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని రాయసాగాడు. చుట్టూ నలుగురు చేరారు. రెండు బాగానే వచ్చింది. నాలుగు పరవాలేదు. ఏడు మాత్రం తాగినవాడిలా ఒరిగిపోయింది. అప్పలరాముడు కుంచె దించేశాడు.

"ఉండనీరా" అన్నాడు పోలిరాజు. "సేపలేమైనా సదువుతాయేటి?"

ఎవడో కిసుక్కున నవ్వాడు. అప్పలరాముడు నవ్వలేదు. కిరసనాయిలు గుడ్డ తీసుకుని ఏడును శుభ్రంగా తుడిచేశాడు.

"సేపలు సదవవు. నేను సదూతాను కదా" అని మళ్లీ కుంచె ముంచాడు.